ఆపరేషన్ తరువాత వణుకు: రికవరీ గదిలో మందు ఎప్పుడు, ఎంత, ఎలా ఇవ్వాలి

జనరల్ అనస్థీషియా నుంచి బయటకు వస్తున్న రోగి మంచం అదిరేలా వణుకుతుంటే ఏ మందు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎంత నెమ్మదిగా ఇవ్వాలి అన్నది రికవరీ గదిలో కొత్తగా డ్యూటీకి వచ్చిన పీజీ డాక్టర్లు, నర్సులు, టెక్నీషియన్లు పదే పదే అడిగే ప్రశ్న. పెథిడిన్ అనే ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి నొప్పి మందు) 25 మిల్లీగ్రాములు అని ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు, చాలామంది అలాగే చెబుతారు కూడా. అయితే ఆ జవాబు చెల్లేది వణుకుకు కారణం చలే అయినప్పుడు, రోగి శ్వాస బాగున్నప్పుడు, ఇంజెక్షన్ ఇచ్చాక కూడా ఒంటిని వెచ్చబరచడం ఆపనప్పుడు మాత్రమే. అందుకే మందుకు ముందు చేయవలసిన పనులనూ, మందు తరువాత చూడవలసిన గుర్తులనూ కలిపి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

కింద ఉన్న మోతాదులన్నీ పెద్దవారికి ఐవీ ద్వారా ఇచ్చేవి. అనస్థీషియా డాక్టరు ఆదేశం మీద, మానిటర్ తగిలించి ఉన్న రోగికి, గొట్టం వేసి శ్వాస అందించగల మనిషి దగ్గరలో ఉన్న చోట మాత్రమే వీటిని వాడాలి. వార్డుకో ఇంటికో చేరిన తరువాత మొదలైన వణుకు వేరే సంగతి. దానికి ముందుగా వెతకవలసినది ఇన్‌ఫెక్షన్‌ను.

సిద్ధాంతం కొంచెం చాలు. మత్తు మందులు చర్మంలోని రక్తనాళాలను వదులు చేయడం వల్ల ఒంటి లోపలి వేడి చేతులకు, కాళ్లకు పారిపోయి, మొదటి గంటలోనే లోపలి ఉష్ణోగ్రత 1 నుంచి 1.5 డిగ్రీల సెల్సియస్ వరకు పడిపోతుంది. మత్తు ఉన్నంతసేపు మెదడు ఆ చలిని పట్టించుకోదు, మత్తు దిగగానే ఒక్కసారిగా పట్టించుకుంటుంది. అప్పుడు వచ్చే వణుకు ఆక్సిజన్ వాడకాన్ని రెండు మూడు రెట్లు పెంచగలదు, కుట్లను లాగి నొప్పి పెంచుతుంది, కంటి లోపలి ఒత్తిడిని, మెదడు ఒత్తిడిని పెంచుతుంది. గుండె జబ్బు ఉన్నవారికి ఈ అదనపు భారం ప్రమాదకరం కావచ్చు. వణుకు ఆపే మందులు చేసేదల్లా, మెదడు ఎంత చలికి వణుకు మొదలుపెట్టాలో ఆ హద్దును కిందికి దించడమే. అవి ఒంటికి వేడి ఇవ్వవు.

సిద్ధంగా ఉంచుకోవలసినవి

- లోపలి ఉష్ణోగ్రతకు దగ్గరగా చూపే థర్మామీటరు. చెవిలో పెట్టేది గానీ, రోగి మెలకువగా ఉంటే నాలుక కింద పెట్టేది గానీ సరిపోతుంది. చంకలో పెట్టేది తక్కువ చూపిస్తుంది, నుదుటి మీద చూపే ఇన్‌ఫ్రారెడ్ పరికరాన్ని ఈ పనికి నమ్మవద్దు.
- వెచ్చని గాలి ఊదే వార్మర్, దానికి సరిపోయే దుప్పటి.
- ఐవీ ద్రవాలను వెచ్చబరచే పరికరం.
- ఆక్సిజన్ మాస్కు, సక్షన్, చేత్తో నొక్కి శ్వాస అందించే అంబూ బ్యాగు.
- గ్లూకోమీటరు, నర్వ్ స్టిమ్యులేటర్ (నరానికి చిన్న కరెంటు ఇచ్చి కండరాల స్పందన చూసే పరికరం).
- పెథిడిన్, ట్రమడాల్, వీటితో పాటు నాలోక్సోన్ (ఓపియాయిడ్లకు విరుగుడు), అట్రోపిన్ (నాడి వేగం పెంచేది), ఎఫిడ్రిన్ లేదా ఫినైల్ ఎఫ్రిన్ (బీపీ పెంచేవి).
- 10 మి.లీ. సిరంజిలు, నార్మల్ సెలైన్, సిరంజి మీద అంటించే చీటీలు.

చేయవలసిన క్రమం

1. మాస్కుతో ఆక్సిజన్ పెట్టి, వేళ్లతో నాడి పట్టుకుని చూడండి. వణుకు వల్ల ఈసీజీ గీత ప్రాణాంతకమైన లయలాగా గజిబిజిగా కనిపించవచ్చు, బీపీ కఫ్ మళ్లీ మళ్లీ ఉబ్బి అంకె చూపకుండా వదిలేయవచ్చు, వేలికి పెట్టిన ఆక్సిమీటరు 80లలోకి దిగి అలారం మోగించవచ్చు. ఇవన్నీ కదలిక వల్ల వచ్చిన తప్పుడు సంకేతాలే కావచ్చు, నిజంగానే ఆక్సిజన్ పడిపోయి ఉండనూ వచ్చు. ఆక్సిమీటరు తెర మీద నాడి అల చక్కగా, చేతికి తగిలే నాడితో కలిసి లేస్తుంటేనే ఆ అంకెను నమ్మండి. లేకపోతే ప్రోబును చెవి తమ్మెకు మార్చి మళ్లీ చూడండి. ఆక్సిజన్ నిజంగా తక్కువైతే వణుకు సంగతి పక్కన పెట్టి ముందు శ్వాస సంగతి చూడాలి.

2. ఉష్ణోగ్రత కొలిచి సమయంతో సహా రాయండి. 36 డిగ్రీల కంటే తక్కువ ఉంటే చలి వణుకు అనుకోవడానికి ఆధారం దొరికినట్టు. 36 దాటి ఉన్నా వణుకు రావచ్చు. సరిగా అణగని నొప్పి వల్లా, మత్తు ఆవిరి మందులు వెన్నుపాము నుంచి పూర్తిగా తొలగకముందు వచ్చే కుదుపుల వల్లా, రెమిఫెంటానిల్ అనే, ప్రభావం త్వరగా పోయే ఓపియాయిడ్‌ను వాడి హఠాత్తుగా ఆపడం వల్లా ఇది జరుగుతుంది. 38 పైన ఉంటే మాత్రం వణుకు ఆపే మందు జోలికి పోకుండా కారణం వెతకండి.

3. ఇది వేరేదేమీ కాదని తేల్చుకోండి. ఈ మెట్టును దాటవేయడం వల్లనే పెద్ద ప్రమాదాలు జరుగుతాయి కాబట్టి కొంచెం విపులంగా రాస్తున్నాను. కండరాలు వదులు చేసే మందు పూర్తిగా దిగని రోగి ఒడ్డున పడ్డ చేపలా పొంతన లేకుండా కొట్టుకుంటారు, తల ఎత్తి పట్టుకోలేరు, కళ్లలో భయం కనిపిస్తుంది. దీన్ని వణుకనుకుని పెథిడిన్ ఇస్తే ఉన్న కాస్త శ్వాస కూడా పోతుంది. అనుమానం వస్తే నర్వ్ స్టిమ్యులేటర్ పెట్టండి. ట్రెయిన్ ఆఫ్ ఫోర్ నిష్పత్తి (వరుసగా నాలుగుసార్లు కరెంటు ఇస్తే నాలుగో స్పందన మొదటిదానిలో ఎంత ఉందన్నది) 0.9 చేరకపోతే కావలసినది ఆ కండరాల మందు ప్రభావాన్ని తొలగించే రివర్సల్ మందు.

రక్తం ఎక్కుతుండగా వణుకు మొదలైతే రక్తం ఆపి, సంచీ మీది గ్రూపును, రోగి చేతి పట్టీని సరిచూడండి. మధుమేహం ఉన్నవారిలో చక్కెర పరీక్ష చేయకుండా ముందుకు పోవద్దు. మూత్రాశయం నిండి ఉందేమో పొత్తికడుపు మీద చేయి వేసి చూడండి. ఒక పక్కే లయబద్ధంగా కొట్టుకుంటూ పిలిస్తే పలకకపోతే ఫిట్స్ అనుకోండి. ఒళ్లు బిగుసుకుపోయి, గుండె వేగం పెరిగి, బయటకు వచ్చే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూ, ఉష్ణోగ్రత పైకి పోతుంటే అది మాలిగ్నంట్ హైపర్‌థెర్మియా (కొన్ని మత్తు మందుల వల్ల ఒంటి వేడి అదుపు తప్పే ప్రాణాంతక పరిస్థితి) కావచ్చు. ఇక్కడ దుప్పటి తీసేసి, సీనియర్లను పిలిచి, దానికి విరుగుడైన డాంట్రోలిన్ తెప్పించాలి.

4. తీవ్రతకు ఒక అంకె వేయండి. 1994లో క్రాస్లీ, మహాజన్ ప్రతిపాదించిన కొలమానం తేలికైనది: వణుకు లేకపోతే 0, వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, వేళ్లు చల్లబడి పాలిపోవడం మాత్రమే ఉంటే 1, ఒక్క కండరాల సమూహంలోనే కదలిక ఉంటే 2, ఒకటికి మించిన సమూహాల్లో ఉండి ఒళ్లంతా లేకపోతే 3, ఒళ్లంతా ఊగిపోతుంటే 4. సాధారణంగా 0, 1 వద్ద వెచ్చదనం చాలు. 3, 4 వద్ద వెచ్చదనంతో పాటు మందు కావాలి. 2 వద్ద తీర్పు మీది: గుండె జబ్బు, కంటి ఆపరేషన్, మెదడు ఆపరేషన్ ఉన్నవారికి త్వరగా ఇస్తాను, ఆరోగ్యంగా ఉన్న యువకులకు పది నిమిషాలు వెచ్చబరచి చూస్తాను.

5. వెచ్చని గాలి దుప్పటి కప్పండి, మందు ఎక్కించే ముందే. తడిసిన గౌను, డ్రేపు తీసేసి ఒంటిని తుడిచిన తరువాతే కప్పాలి, ఎందుకంటే తడి బట్ట ఆరుతూ ఒంట్లో వేడిని లాగేస్తుంది. చర్మం వెచ్చబడటమే వణుకును కొంతవరకు తగ్గిస్తుంది. మెదడుకు చేరే ఉష్ణోగ్రత సమాచారంలో సుమారు ఐదో వంతు చర్మం నుంచే వస్తుంది. వార్మర్ గొట్టాన్ని దుప్పటికి బిగించకుండా మామూలు దుప్పటి కిందికి నేరుగా దూర్చవద్దు, చర్మం కాలుతుంది. వేడినీళ్ల సీసాలు, సంచులు అసలే వద్దు. మత్తులో ఉన్నవారు మంట అని చెప్పలేరు.

6. మందు ఎంచుకోండి.

మొదటి ఎంపిక పెథిడిన్. ఇతర ఓపియాయిడ్లు మ్యూ అనే గ్రాహకాల (కణాల మీద మందు అతుక్కునే చోట్ల) మీద ఎక్కువగా పనిచేస్తే ఇది కప్పా గ్రాహకాల మీద, ఆల్ఫా-2 గ్రాహకాల మీద కూడా పనిచేస్తుంది. అందువల్ల నొప్పి తగ్గించడంలో దీనికి సమానమైన మోతాదులో మార్ఫిన్ గానీ ఫెంటానిల్ గానీ ఇచ్చినా వణుకు ఇంత బాగా ఆగదు. మోతాదు 25 మి.గ్రా.; వయసు మళ్లినవారికి, బక్కపలచని వారికి, ఇంకా మగతలో ఉన్నవారికి 12.5 మి.గ్రా.తో మొదలుపెట్టండి. డిప్రెషన్ వంటి జబ్బులకు ఇచ్చే ఎంఏఓ ఇన్హిబిటర్ రకం మందులు వాడుతున్నవారికి, గత 14 రోజుల్లో వాడినవారికి ఇది పూర్తిగా నిషిద్ధం. కిడ్నీ సరిగా పనిచేయనివారిలో పెథిడిన్ ఒంట్లో విరిగి ఏర్పడే నార్‌పెథిడిన్ పేరుకుపోయి ఫిట్స్ రావచ్చు కాబట్టి వారికి మరో మందు వెతకండి. పాలిచ్చే తల్లికి మళ్లీ మళ్లీ ఇవ్వవద్దు.

పెథిడిన్ లేనప్పుడు, లేదా శ్వాస మందగిస్తుందన్న భయం ఎక్కువగా ఉన్నప్పుడు ట్రమడాల్ మంచి ప్రత్యామ్నాయం. కిలోకు 0.5 నుంచి 1 మి.గ్రా. మోతాదులో నెమ్మదిగా ఇవ్వాలి. వేగంగా ఎక్కిస్తే వాంతి తప్పదనే అనుకోండి. ఫిట్స్ ఉన్నవారికి వద్దు. డిప్రెషన్‌కు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు వాడేవారికి సెరటోనిన్ సిండ్రోమ్ (మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మితిమీరడం) ముప్పు ఉంది, ఎంఏఓ నిషేధం దీనికీ వర్తిస్తుంది. 12 ఏళ్ల లోపు పిల్లలకు, టాన్సిల్స్ ఆపరేషన్ అయిన 18 ఏళ్ల లోపు వారికి ట్రమడాల్ వాడకూడదని అమెరికాలోని మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో నిర్దేశించింది. వణుకు కోసం కూడా ఆ హద్దు పాటించడమే మంచిది.

క్లోనిడిన్ 75 మైక్రోగ్రాములు, లేదా డెక్స్‌మెడెటోమిడిన్ కిలోకు 0.5 మైక్రోగ్రాము 10 నిమిషాల పాటు, బీపీ ఎక్కువగా ఉండి గుండె వేగంగా కొట్టుకుంటున్న రోగికి బాగా నప్పుతాయి. నాడి 60 కంటే తక్కువ ఉన్నా, బీపీ అంతంతమాత్రంగా ఉన్నా, రక్తస్రావం ఇంకా జరుగుతోందన్న అనుమానం ఉన్నా వీటిని ముట్టుకోవద్దు. రికవరీలో మగత ఇంకో గంట ఎక్కువసేపు ఉంటుందని కూడా లెక్క వేసుకోండి.

కెటమిన్ కిలోకు 0.25 మి.గ్రా. బీపీ తక్కువగా ఉన్నవారికి పనికి వస్తుంది గానీ పీడకలలు, భ్రాంతులు రావచ్చు. మెగ్నీషియం సల్ఫేట్ కిలోకు 30 మి.గ్రా. 100 మి.లీ. సెలైన్‌లో కలిపి 15 నుంచి 20 నిమిషాల్లో ఇవ్వవచ్చు. అది కండరాలు వదులు చేసే మందు ప్రభావాన్ని పెంచుతుంది, కాబట్టి మూడో మెట్టులో చెప్పిన పరీక్ష కాకుండా వాడవద్దు. వాంతులు ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్ ముందుగా ఇస్తే వణుకు వచ్చే అవకాశం తగ్గుతుంది, మొదలైన వణుకును ఆపడానికి మాత్రం దాని మీద ఆధారపడను.

7. మందు కలపండి, చీటీ అంటించండి, నెమ్మదిగా ఇవ్వండి. పెథిడిన్ 50 మి.గ్రా. ఉన్న 1 మి.లీ. ఆంప్యూల్‌ను 10 మి.లీ. సిరంజిలోకి లాగి, సెలైన్‌తో 10 మి.లీ.కి నింపితే ప్రతి మి.లీ.లో 5 మి.గ్రా. ఉంటుంది. 25 మి.గ్రా. అంటే 5 మి.లీ.; దాన్ని రెండు నిమిషాలు తీసుకుని, రోగి ముఖం చూస్తూ, శ్వాస లెక్కపెడుతూ ఇవ్వండి. మిగిలిన సగాన్ని చీటీ లేకుండా ట్రేలో వదిలివేయవద్దు. ట్రమడాల్ 100 మి.గ్రా. ఆంప్యూల్‌ను 10 మి.లీ. చేస్తే మి.లీ.కి 10 మి.గ్రా.; 60 కిలోల మనిషికి సగం మోతాదు (కిలోకు 0.5 మి.గ్రా.) 30 మి.గ్రా., అంటే 3 మి.లీ. క్లోనిడిన్ 150 మైక్రోగ్రాముల ఆంప్యూల్‌ను 10 మి.లీ. చేస్తే 75 మైక్రోగ్రాములకు 5 మి.లీ. పడుతుంది, దాన్ని 5 నుంచి 10 నిమిషాల్లో ఇవ్వాలి.

డెక్స్‌మెడెటోమిడిన్ 100 మైక్రోగ్రాములను 50 మి.లీ.కి నింపితే మి.లీ.కి 2 మైక్రోగ్రాములు. 60 కిలోలకు 30 మైక్రోగ్రాములు కావాలి కాబట్టి 15 మి.లీ., పంపు మీద గంటకు 90 మి.లీ. వేగంతో 10 నిమిషాలు. ఆ 10 నిమిషాలు కాగానే పంపు ఆపాలని గుర్తుంచుకోండి; 15 మి.లీ. దగ్గర ఆగేలా పరిమితి పెట్టుకోవడం ఇంకా మంచిది. ఆంప్యూళ్ల బలం తయారీదారును బట్టి మారుతుంది కనుక, ప్రతిసారీ మీది చదివే లెక్క వేయండి, ఇక్కడి అంకెలను కంఠస్థం చేసి వాడవద్దు.

8. ఫలితం చూడండి. పెథిడిన్, ట్రమడాల్ ఇచ్చిన 5 నిమిషాలకు వణుకు అంకె తగ్గడం మొదలవాలి, 10 నిమిషాలకు 1 లేదా 0కి రావాలి. అదే సమయంలో శ్వాస నిమిషానికి ఎన్ని, పిలిస్తే ఎలా పలుకుతున్నారు, బీపీ, నాడి, ఆక్సిజన్ ఎంత అన్నవి రాయండి. వణుకు ఆగగానే మానిటర్ గీతలన్నీ శుభ్రంగా కనిపిస్తాయి, అప్పుడు వచ్చే మొదటి బీపీ అంకెను జాగ్రత్తగా చూడండి. వణుకు కారణంగా నిలబడి ఉన్న బీపీ ఒక్కసారి దిగిపోవచ్చు, కడుపులో రక్తస్రావం ఉంటే అది అప్పుడే బయటపడుతుంది. శ్వాస 8 కంటే తగ్గితే రోగిని లేపండి, గడ్డం ఎత్తి పట్టుకోండి, అవసరమైతే నాలోక్సోన్‌ను 40 మైక్రోగ్రాముల చొప్పున కొంచెం కొంచెంగా ఇవ్వండి. 400 మైక్రోగ్రాముల ఆంప్యూల్ మొత్తం ఒకేసారి ఎక్కిస్తే నొప్పి నివారణ కూడా ఊడిపోతుంది.

9. పది నిమిషాల తరువాత కూడా 3 లేదా 4 ఉంటే, శ్వాస బాగుంటే, పెథిడిన్ 25 మి.గ్రా. ఇంకొక్కసారి ఇవ్వవచ్చు. మొత్తం 50 మి.గ్రా. ఇచ్చినా ఆగని వణుకును మందు చాలని వణుకుగా కాక, కారణం దొరకని వణుకుగా చూడాలి. మూడో మెట్టుకు వెనక్కి వెళ్లండి. పెథిడిన్ మీద ట్రమడాల్ కలపడం కొందరు చేస్తారు, నేను వద్దంటాను, ఎందుకంటే రెండూ ఫిట్స్ హద్దును తగ్గించేవే, రెండూ సెరటోనిన్ మీద పనిచేసేవే. మరో మందు కావాలంటే మరో తరగతి నుంచి తీసుకోండి.

10. ఉష్ణోగ్రతను 15 నిమిషాలకోసారి కొలుస్తూ 36 డిగ్రీలు దాటేవరకు వార్మర్ ఉంచండి. 2008లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా 36 చేరకుండా రోగిని వార్డుకు పంపవద్దని చెబుతాయి. వార్డు నర్సుకు అప్పగించేటప్పుడు ఇచ్చిన మందు, మోతాదు, సమయం, చివరి ఉష్ణోగ్రత నోటితో చెప్పండి, కాగితం మీద కూడా రాయండి. పంపే ముందు కాన్యులాను 5 నుంచి 10 మి.లీ. సెలైన్‌తో ఫ్లష్ చేయండి, లేకపోతే అందులో మిగిలిన మందు వార్డులో తరువాతి ఇంజెక్షన్‌తో పాటు ఒంట్లోకి పోతుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే తరచుగా జరిగేది, వణుకు ఆగగానే దుప్పటి తీసేయడం. రోగి హాయిగా నిద్రపోతున్నారు, గదిలో ఇంకో రోగికి వార్మర్ కావాలి, కాబట్టి గొట్టం ఊడదీసి పక్క మంచానికి తీసుకుపోతారు. ఆ నిద్రపోతున్న మనిషి ఉష్ణోగ్రత 35.2 దగ్గరే ఉంటుంది, తేడా అల్లా ఇప్పుడు వణికి వేడి పుట్టించుకునే దారి కూడా మనమే మూసేశాం. క్లోనిడిన్, డెక్స్‌మెడెటోమిడిన్ ఇచ్చినప్పుడు ఇది ఇంకా చెడ్డది, ఎందుకంటే అవి వేడిని లోపల నిలిపి ఉంచే రక్తనాళాల బిగింపును కూడా సడలిస్తాయి. ఒకే వార్మర్ ఉన్న చోట ఎవరికి ఉంచాలన్నది వణుకును చూసి కాక థర్మామీటరును చూసి నిర్ణయించండి.

మైక్రోగ్రాములకు, మిల్లీగ్రాములకు తికమకపడటం క్లోనిడిన్, డెక్స్‌మెడెటోమిడిన్ లాంటి ఆల్ఫా-2 మందులతో ఎక్కువ. సిరంజి చీటీ మీద బలాన్ని ఎప్పుడూ “మి.లీ.కి ఇన్ని మైక్రోగ్రాములు” అని పూర్తిగా రాయండి, పొట్టి గుర్తులు వాడవద్దు, రెండో మనిషితో లెక్క సరిచూపించండి.

వణకడం లేదు కాబట్టి చలి లేదనుకోవడం మరొకటి. వృద్ధుల్లో వణికే శక్తి మందగిస్తుంది, 34.5 డిగ్రీల వద్ద కూడా కదలకుండా పడుకుని ఉంటారు. నవజాత శిశువులు ఎంత చలి వేసినా దాదాపు వణకరు, ఒంట్లోని బ్రౌన్ ఫ్యాట్‌ను కరిగించి వేడి పుట్టించుకుంటారు. వీరిలో థర్మామీటరు తప్ప వేరే దిక్కు లేదు. పెద్ద పిల్లల్లో వణుకు వస్తే ముందు వెచ్చబరచడం, తరువాత నొప్పి తగ్గించడం. పెథిడిన్ అవసరమైతే కిలోకు 0.3 నుంచి 0.5 మి.గ్రా. లెక్కన అనస్థీషియా డాక్టరే స్వయంగా ఇవ్వాలి.

నొప్పితో వణుకుతున్నవారికి పెథిడిన్ ఇచ్చి, వణుకు తగ్గింది కదా అని నొప్పి సంగతి మరిచిపోవడం కూడా చూస్తుంటాం. పెథిడిన్ 25 మి.గ్రా. పెద్ద ఆపరేషన్ నొప్పికి ఏ మూలకూ చాలదు. గంటలోపే రోగి మళ్లీ వణుకుతారు, అప్పుడు పెథిడిన్ పనిచేయలేదని రాసేస్తారు.

మందు అవసరం రాకుండా చూడటం

ఆపరేషన్‌కు ముందు అరగంట పాటు వార్మర్ దుప్పటి కప్పితే, మత్తు ఇవ్వగానే లోపలి నుంచి పారిపోయే వేడి చాలావరకు తగ్గుతుంది. ఇది అన్ని మందులకంటే మేలైన నివారణ అని నా అభిప్రాయం. ఆపరేషన్ అరగంట దాటేలా ఉంటే వార్మర్ మొదటి నుంచీ నడవాలి. 500 మి.లీ.కి మించిన ద్రవాలను, రక్తాన్ని 37 డిగ్రీలకు వెచ్చబరచి ఇవ్వాలి, కడుపులో కడిగే ద్రవాన్ని 38 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంచాలి. యువకులకు, కీలు మార్పిడి ఆపరేషన్లకు వణుకు ముప్పు ఎక్కువ. అలాంటివారికి చర్మం కుట్లు వేస్తుండగానే ట్రమడాల్ సగం మోతాదు నెమ్మదిగా ఇవ్వడం గురించి అనస్థీషియా డాక్టరు ఆలోచించవచ్చు. ఒకసారి తీవ్రంగా వణికిన రోగి విషయాన్ని, ఏ మందుకు ఆగిందో దానితో సహా, అనస్థీషియా చార్టులో రాసిపెడితే తరువాతి ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేవారు ముందే వార్మర్ వేసి మొదలుపెడతారు.